చోటే మియా జోడీలు

“పావురాలతోని దగ్గు వస్తదా? ఎవడన్నడు?” మెహమూద్ చాయ్ గ్లాసును టపీమని బల్ల మీద పెట్టాడు.

“దవాఖాన డాక్టరు,” అన్నాడు గుర్వయ్య.

కల్వకుర్తి బస్టాండు దగ్గర, ఎస్టీడీ బూతు పక్కనున్న ఆ హోటల్లో సాయంత్రమైతే పావురాల పిచ్చి ఉన్నవాళ్లంతా చేరేవాళ్లు. ఏ పక్షికి ఏ గింజ వెయ్యాలి, ఏ రోగానికి ఏం చెయ్యాలి, ఎవరి పావురం ఎంతసేపు ఎగిరింది, అన్ని తీర్పులూ అక్కడే. పిచ్చి ఉన్నచోట పంచాయితీకి కొదవా! సైకిల్ షాపు గుర్వయ్యకు ఇరవై రెండు పావురాలు. జాగా లేక కూతురు పడుకునే గదిలోనే గూళ్లు పెట్టాడు. ఆ పిల్ల, ఆరేళ్ల మణెమ్మ, దసరా నుంచి దగ్గుతోంది. ఇప్పుడైతే పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది.

“రెక్కల దుమ్మంట. పక్షులను నెల రోజులు దూరం పెట్టి చూడమన్నడు. లేకుంటే పిల్ల దక్కదన్నడు.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు!” బీరన్న నవ్వాడు. “మందు పని చెయ్యకపోతే పిట్టల మీద పెట్టిండు.”

హోటలంతా అవునవునంది. మూల బల్ల దగ్గరున్న చోటే మియా మాత్రం నవ్వలేదు. అరవై దాటిన మనిషి. పాలమూరు నుంచి వచ్చి ఆరేళ్లయింది. పావురాల సంగతిలో ఆయన మాటకు తిరుగు లేదు. ఇంటి మిద్దె మీద మేలుజాతి పావురాల జోడీలు ఉన్నాయనీ, దిష్టి తగులుతుందని ఎవరికీ చూపడనీ, ఎగరెయ్యడనీ అందరికీ తెలుసు. అందులో వింతేమీ లేదు. గుర్వయ్య కూడా విసనకర్రలా తోక విప్పే తన లక్కా పావురాల జోడీ మీద గోనెపట్టా కప్పి ఉంచేవాడు.

“తెల్లారుజామున ఎక్కువైతదా?” అని అడిగాడు చోటే మియా.

“అవు చాచా.”

“గోర్లు నీలం పడ్డయా?”

“లే. ఇంకా పడలే.”

“అయితే సలి దగ్గే. అల్లం రసంల తేనె కలిపి నాకియ్యి. నలభై ఏండ్ల సంది జూస్తున్న. కబూతరాలు ఎవలి పానం తియ్యలే.”

“నెల రోజులు దూరం పెట్టి చూస్తే...”

“పెట్టకు!” చోటే మియా అరిచాడు. సాసరులోని చాయ్ లుంగీ మీద ఒలికినా చూసుకోలేదు. “దూరం పెడితే ఏం తెలుస్తది? ఏం తెల్వది! ఎవలికీ ఏం తెల్వది!”

ఆయన అంత గట్టిగా అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. పక్షులంటే ఎంత ప్రేమో అనుకున్నాడు గుర్వయ్య.

మర్నాడు మందు సీసా పట్టుకుని దవాఖానకు పోతే, కాంపౌండర్ ఇస్రాయేలు సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు.

“పదిమంది అన్నరంటే పది సాక్ష్యాలు కాదు గుర్వన్నా. కండ్లార జూసినోడు ఎవడు, ఇన్నోడు ఎవడు, గా ఇద్దర్ని విడదీసి జూడు. చెప్పెటోనికి అండ్ల ఏం లాభమో గది గూడ జూడు.”

గుర్వయ్య ఆ సాయంత్రమే ఒక్కొక్కరినీ అడిగాడు. “నేనేడ జూసిన? చాచా చెప్పిండు,” అన్నాడు బీరన్న. “చాచా చెప్పినంక ఇంక జూసుడేంది?” అన్నాడు మెహమూద్. పది నోళ్లలోనూ ఉన్నది ఒక్క నోటి మాటే. ఇక మిగిలింది లాభం. చోటే మియా పావురాలు అమ్మడు, గింజలు అమ్మడు, మందులూ అమ్మడు. దమ్మిడీ లాభం లేని మనిషి అబద్ధం ఎందుకు చెప్తాడు? గుర్వయ్య మనసు కుదుటపడింది. నిజం చెప్పాలంటే, కుదుటపడాలనే అతను వెతుకుతున్నాడు.

అల్లం, తేనె వారం రోజులు నడిచాయి. ఎనిమిదో రోజు తెల్లవారుజామున భార్య సాలమ్మ కేకకు గుర్వయ్య ఉలిక్కిపడి లేచాడు. మణెమ్మ నోరు తెరిచి గాలి కోసం గింజుకుంటోంది. సాలమ్మ పిల్ల చేతిని దీపం దగ్గర పట్టింది. గోర్లు నీలంగా ఉన్నాయి.

“నీకు పిట్టలు గావాల్నా, పిల్ల గావాల్నా?” అంది సాలమ్మ. ఆమె ఏడవడం లేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టాక పిల్ల ఊపిరి కొంచెం నిలబడింది. పక్షులు ఇంట్లో ఉన్నంతకాలం పిల్లను పంపేది లేదన్నాడు డాక్టరు. పావురాలను వదిలేస్తే మళ్లీ సొంత గూటికే వస్తాయి. తెలిసిన చేతిలో, మూసి ఉంచాలి. ఊళ్లో పక్షులను ఎగరెయ్యకుండా మూసి ఉంచే చెయ్యి ఒక్కటే, చోటే మియాది. కానీ ఎదురుగా అడిగితే చాచా ఒప్పుకోడు. అందుకే ఆయన హోటల్లో ఉండే వేళ చూసి, ఇరవై రెండింటినీ రెండు గంపల్లో పెట్టుకుని ఊరి చివరనున్న ఆయన ఇంటికి పోయాడు.

తలుపు తీసిన చోటే మియా భార్య లాడ్లీ బేగం, గంపల్లో గుర్రుగుర్రుమన్న చప్పుడు వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కు వేసింది.

“మా పిల్లకు దగ్గు చాచీ. జర నెల రోజులు మీ జోడీల పక్కకు పెట్టుకోండ్రి,” అని బతిమాలుతూనే గుర్వయ్య మెట్లెక్కాడు.

మిద్దె మీద బట్టలారేసే దండెం ఉంది. గూళ్లు లేవు. ఒక్క ఈక కూడా లేదు.

“చాచీ, జోడీలేవి?”

మెట్ల కింద నుంచి లాడ్లీ బేగం గొంతు సన్నగా వినిపించింది.

“పాలమూరుల మా బిడ్డకు గిట్లనే దగ్గొస్తే, కబూతరాలను దూరం పెట్టమన్నా పెట్టలే. దగ్గి దగ్గి బిడ్డ పోయిన నాడు, అన్నిటినీ ఆయన చేతులతోనే కోసిండు.”