ఖాదర్ బాషా సందేహం

ఇంజనీరింగ్‌లో రాతపరీక్షలు ఎత్తేసి చాలా ఏళ్లయింది. ఫోనే వెతికి ఎవరో ఒక తోటి విద్యార్థితో కలుపుతుంది. వాళ్లకు అర్థమయ్యేలా చెబితేనే ఆ పాఠం వచ్చినట్టు లెక్క. బొబ్బిలి అమ్మాయి పైడితల్లి దూలాల పాఠం ఐదుగురికి చెప్పింది. ఐదుగురూ అర్థం కాలేదన్నారు. ఆరో మనిషీ అదే మాటంటే, ఏడాదంతా మళ్లీ చదవాల్సిందే.

పెరట్లో బట్టలారేస్తుంటే ఫోన్ మోగింది. అవతల కదిరి నుంచి ఖాదర్ బాషా. ముప్పయ్యేళ్లు తాపీపని చేసి, ఈమధ్యే కాలేజీలో చేరిన పెద్దమనిషి. పైడితల్లి గడగడా సూత్రాలు అప్పజెప్పింది.

"ఆ మాటలు నా తలకెక్కవు పాపా. దూలం యాడ పగుల్తాదో చెప్పు."

పైడితల్లి అటూ ఇటూ చూసింది. అంతలో వెదురు దండెం మీది తడి దుప్పటి కంటపడింది. ఫోన్ అటు తిప్పింది.

"చూడండి బాబాయ్, బరువుకి వెదురు మధ్యలో వంగింది. కింది వైపు సాగుతోంది. పగిలితే అక్కడే."

"అందుకేనా దూలంలో ఇనుప కడ్డీలు కిందికి వేయమనేది! ఇన్నేళ్లూ వేసినా గానీ, ఎందుకో ఈ పొద్దు తెలిసింది."

పాఠం వచ్చినట్టు ఫోన్‌లో పచ్చదీపం వెలిగింది. పైడితల్లి ఎగిరి గంతేసింది.

"ఉండు పాపా. మరి బాల్కనీకి పైన వేయమంటారే?"

అది ఆమెకూ తెలియదు. పనైపోయింది కనుక ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టేయలేదు. గుంజ దాటి బయటికి పొడుచుకొచ్చిన వెదురు కొసకు దుప్పటిని జరిపింది. కొస వాలింది.

"బాబాయ్, ఇక్కడ సాగేది పైవైపు!"

"ఏటే ఆ కేకలు? దుప్పటి మట్టిలో పడిపోనాది!" వంటింట్లోంచి తల్లి అరిచింది.

"మళ్లీ ఉతుకుతాన్లేవే అమ్మా!" అంది పైడితల్లి, ఫోన్ మాత్రం దించకుండా.