సైకిలు చూపులు

"ఛీ, ఇది మనిషి తొక్కిన సైకిలేనా?"

సైకిలు మేస్త్రి చేతిలో పానా కింద పడేసి రెండడుగులు వెనక్కి వేశాడు. సీటు కింది సంచీ జిప్పు తీయగానే కంపు గుప్పుమంది. లోపల సగం కొరికి వదిలేసిన బ్రెడ్డు ముక్క, దాని మీద పచ్చటి బూజు, ఆ బూజులో తీరిగ్గా తిరుగుతున్న పురుగులు. మేస్త్రి దాన్ని పట్టకారుతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని తీసుకెళ్ళి చెత్తడబ్బాలో పారేశాడు.

"మర్చిపోయి ఉంటాడు లెండి," అంది ట్యూబుకి ప్యాచీ వేస్తున్న భార్య.

"ఒక పూట మర్చిపోతే సరే. చలికాలమంతా ఆ కంపు మీదే కూర్చుని తిరిగాడు వెధవ."

సైకిలు ఆ ఉదయమే పార్సిలు వ్యానులో దిగింది. పట్నంలో ఉద్యోగం చేస్తున్న కూతురు ముందురోజే ఫోను చేసి, సైకిలు పంపించాను నాన్నా, ఎండలు మొదలయ్యేలోపు తొక్కడానికి సిద్ధం చేసిపెట్టు, కాస్త శాంతంగా చూడు అని చెప్పింది. ఎవరిదని మేస్త్రి అడగలేదు. అడగడానికి ఏముంది? తను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అబ్బాయి గురించి కూతురు ఇంట్లో చెప్పి నెలయింది. ఫొటో వద్దు, జీతం వద్దు, వాడి సైకిలు నా చేతికి పంపమను, విప్పి చూసి అవునో కాదో చెప్తాను అని మేస్త్రి అప్పుడే భీష్మించుకు కూర్చున్నాడు. ఏటా చలి తగ్గగానే జనం మూలన పడేసిన సైకిళ్ళన్నీ ఆయన కొట్టుకే ఈడ్చుకొస్తారు. సైకిలు విప్పితే మనిషి లోపలిదంతా బయటపడుతుందని ఆయన గట్టి నమ్మకం.

ఇప్పుడు బయటపడుతున్నది చూస్తే ఆయనకి ఒళ్ళంతా కంపరమెత్తిపోతోంది.

చైను విప్పబోతే వంగలేదు, తుప్పు పట్టి కట్టెలా బిగుసుకుపోయింది. చైను నూనె వేయాల్సిన చోట ఆ మహానుభావుడు వంటనూనె పోసినట్టున్నాడు. అది దుమ్ముతో కలిసి నల్లటి బంకలా పేరుకుపోయింది. వేలితో గీకి వాసన చూసి మేస్త్రి డోకు ఆపుకున్నాడు. వెనక చక్రం నడిమి హబ్బుకి రోడ్డు మీద చెత్తంతా చుట్టుకుంది. దారాలు, వెంట్రుకలు, ప్లాస్టిక్ పీలికలు. బ్లేడుతో కోస్తే చచ్చిన ఎలుకలా ముద్దగా ఊడొచ్చి ఆయన పాదం మీద పడింది. మడ్‌గార్డు లోపల పేడ పెచ్చులు కట్టింది. హ్యాండిలు కింద నమిలి అంటించిన చూయింగ్ గమ్ ముద్దలు పదకొండు.

"పదకొండు," అని భార్యకి వినపడేలా మళ్ళీ చెప్పాడు మేస్త్రి. "ఒకటి ఇంకా మెత్తగానే ఉంది."

ఆవిడ ప్యాచీ పని పక్కన పెట్టి లేచొచ్చింది. కడిగితే పోయే మురికికి పిల్ల బతుకు ముడిపెట్టొద్దని నెమ్మదిగా నచ్చజెప్పబోయింది. నాన్న కాదంటే ఎదిరించి చేసుకోను, కానీ ఇంకెవర్నీ కూడా చేసుకోను అని పిల్ల అన్న సంగతి గుర్తుచేసింది. ముప్పై రెండేళ్ళు వచ్చిన పిల్ల, అన్న మాట మీద నిలబడే రకం. ఆ మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదని కూడా అంది.

"చేసుకోకపోతే మానె," అన్నాడు మేస్త్రి. "బ్రేకు రబ్బర్లు చూడు, అరిగిపోయి ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. ప్రాణం మీద లెక్కలేదు, పక్కవాడి ప్రాణం మీద అసలే లేదు. మన పిల్లని వెనకాల కూర్చోబెట్టుకుని ఏ బస్సు కిందకో తీసుకెళ్తాడు. ఈ రొచ్చులోకి నా పిల్లని పంపను."

కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. అయినా కంపు వదల్లేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ఆ వేళ్ళు నోటిదాకా తీసుకెళ్ళలేక కంచం పక్కకి తోసేసి లేచాడు. ఇక ఆగలేక కూతురికి ఫోను చేశాడు. భార్య పరుగున వచ్చి స్పీకరు నొక్కింది.

సైకిలు చూశావా నాన్నా అని అడిగింది కూతురు.

"చూశాను. నా కళ్ళు కడుక్కోవాలి. నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత పాచి సైకిలు ముట్టుకోలేదమ్మా."

"నాన్నా, ఒక్క మాట చెప్పనీ."

"నువ్వు చెప్పొద్దు, విను. పుట్టినప్పటి నుంచి ఈ నూనెడబ్బా పక్కన పెరిగినదానివి. పానా వాడితే తుడిచి మేకుకి తగిలించాలని నీకు మాటలు రాకముందే నేర్పాను. అలాంటిదానివి ఈ పందితో కాపురం ఎలా చేస్తావు? కాదన్నదే నా సమాధానం. ఇంక మారదు."

భార్య చెయ్యి పట్టుకుని ఆపబోయింది. మేస్త్రి విదిలించుకున్నాడు.

"అయినా వాణ్ని అనడం దండగ, పెంచినవాణ్ని అనాలి. ఇంత మురికి జీవిని లోకం మీదకి వదిలిన ఆ తండ్రి ఎవడో, ఎదురుపడితే మొహాన ఉమ్మేస్తాను."

కూతురు చాలా మెల్లిగా అంది.

"అతని సైకిలు రేపొస్తుంది నాన్నా. ఇది నాది."