పదిహేడో జత

నలభై జతల జాబితాలో అతను మార్చింది ఒక్క జతనే. పదిహేడోది. అటు పేరు ఇటు, ఇటు పేరు అటు. అరనిమిషం పట్టలేదు. ఆ అరనిమిషం ఆరు నెలలుగా అరికాల్లో విరిగిన ముల్లులా సలుపుతూనే ఉంది.

అతను ఆ యూనివర్సిటీకి ఆరు నెలల అతిథి పరిశోధకుడిగా వచ్చాడు. పదేళ్లు బట్టల హోల్‌సేల్ కొట్టు నడిపి, ఆ తర్వాత చదువులో పడ్డవాడు. ఇక్కడి ప్రొఫెసర్‌తో కలిసి తేల్చవలసిన సంగతి ఒకటే. చిన్న కొట్లవాళ్లకు ఆరు వారాల శిక్షణ, పనికొచ్చే యంత్రం ఒకటి ఇస్తే వ్యాపారం నిలబడుతుందా, లేదా?

పద్ధతి తేలికే. నలభై వీధులు, వీధికి రెండు కొట్లు. రెండు పేర్లూ చీటీల మీద రాసి ఒకటి తీయాలి. తీసిన చీటీకి శిక్షణ, యంత్రం. రెండోవాళ్లకు ప్రశ్నలు మాత్రమే. జాలికీ మొహమాటానికీ అక్కడ చోటు లేదు. ఎవరైనా చెయ్యి పెట్టారంటే పరిశోధన మొత్తం చిత్తుకాగితం. చీటీలు తీయడం ప్రొఫెసర్ వంతు. ఆయన చేత్తో రాసిచ్చిన జాబితాను కంప్యూటర్లోకి ఎక్కించడం అతని వంతు.

పదిహేడో వీధిలో ఉన్నవి ఒక లాండ్రీ, ఒక తాళాల కొట్టు. లాండ్రీ మేడమీది గదిలోనే అతను అద్దెకు దిగాడు. వచ్చిన రోజు వానలో పెట్టెతో సహా తడిసి ముద్దయితే, లాండ్రీ అక్క బట్టలన్నీ ఆరబెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చింది. డబ్బులు తీయబోతే, ముందు కుదురుకో తమ్ముడూ, బేరాలు తర్వాత ఆడుకుందాం అంది. మొగుడు లేడు. ఇద్దరు పిల్లలు. చేతి మీద ఎప్పుడూ ఏదో ఒక కాలిన మచ్చ.

ప్రొఫెసర్ రాసిచ్చిన కాగితంలో తాళాల ఆయన పేరుంది. ఆవిడ పేరు లేదు.

చెయ్యి దానంతట అదే కదిలిందని తర్వాత చాలాసార్లు సర్దిచెప్పుకున్నాడు. చేతులు వాటంతట అవి కదలవని పదేళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి తెలియదా?

మర్నాడు ప్రొఫెసర్ ఆ అచ్చుకాగితాన్ని చాలాసేపు చూశాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్క మాటా అడగకుండా సంతకం పెట్టేశాడు. గమనించలేదన్నమాట.

అక్కడినుంచి ప్రొఫెసర్ మంచితనం మరీ ఎక్కువైంది. కిటికీ ఉన్న గది అతనికిచ్చి తాను నడవా పక్క ఇరుకు గదిలోకి మారాడు. పేపర్లో మొదటి పేరు అతనిదే ఉండాలన్నాడు. ఏం అడిగినా, మీరన్నాక ఇంకేముంది అనేవాడు. పదిహేడో వీధికి మాత్రం ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదు. అది మీరే చూసుకోండి అనేవాడు. తన చేతిలో మోసపోయిన మనిషే తనకు మర్యాదలు చేస్తుంటే, దొంగ తూకంతో తెచ్చుకున్న సరుకును తనే తింటున్నట్టుండేది అతనికి.

ఆరో నెలలో ఆఖరి ప్రశ్నలు పట్టుకుని బయలుదేరాడు. లాండ్రీలో ఆవిరి యంత్రం బుసలు కొడుతోంది. అక్క రెండు హోటళ్ల దుప్పట్ల పని పట్టింది. పుట్టి బుద్ధెరిగాక తనకు తగిలిన చీటీ ఇదొక్కటేనని నవ్వింది. అతను నవ్వలేకపోయాడు.

తాళాల కొట్లో గోడకున్న మేకులు సగం ఖాళీ. వీధి మొగలో కొత్తవాడెవడో యంత్రం పెట్టి నిమిషంలో తాళంచెవి కోసి ఇస్తున్నాడు. ఇక్కడ ముసలాయన అరగంట ఆకురాయితో రుద్దాలి.

"ఈ నెలాఖరుకి మూసేస్తున్నా బాబూ. ఇంకెన్ని ప్రశ్నలున్నాయో ఇవాళే అడిగెయ్. మళ్లీ వస్తే తలుపు తాళమే నిన్నడుగుతుంది, ఎవరికోసం వచ్చావని" అన్నాడు.

కొట్లో ఒక మూల బల్లంత చోటు ఖాళీగా ఉంది. అదెందుకని అడిగాడు అతను. అది కాగితంలో లేని ప్రశ్న.

"యంత్రానికి. చీటీ నీకే వస్తుంది, రాసిపెట్టుకో అన్నాడు మావాడొకడు. వాడి మాట నమ్మి అక్కడున్న బీరువా అమ్మేశా." ముసలాయన ఆకురాయి పక్కన పెట్టాడు. "రాలేదు. రాకపోతే వాడు మాత్రం ఏం చేస్తాడు, నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

అతను పెన్నుకు మూత పెట్టి లేచాడు.

యూనివర్సిటీ దాకా నడుస్తూ లెక్క వేశాడు. చెబితే పేపరు పోతుంది, పేరు పోతుంది, ఏ పాపం ఎరగని ప్రొఫెసర్ కష్టం మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే పోయేది ఒక్క తాళాల కొట్టు. అది ఎలాగూ పోయింది. ఎటునుంచి కూడినా నోరు మూసుకోవడమే లాభం. అయినా వెళ్లి తలుపు తట్టాడు.

కూర్చోకుండానే చెప్పేశాడు.

"పదిహేడో జత నేను మార్చాను సార్. మీరు రాసిచ్చింది తాళాల ఆయన పేరు. నేను లాండ్రీ ఆవిడ పేరు పెట్టాను. పేపరు ఆపేద్దాం. నా మీద ఏం రాసినా సంతకం పెడతాను."

ప్రొఫెసర్ లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"ఎందుకు మార్చారు?"

"జాలేసింది సార్."

"అంతేనా? ఇంకేమీ తెలిసి కాదా?"

"ఇంకేం తెలియాలి సార్?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆ ముఖంలో కోపం కోసం వెతికాడు అతను. కనిపించలేదు.

"చీటీలో వచ్చింది లాండ్రీ ఆవిడ పేరే," అన్నాడు ప్రొఫెసర్ నేల చూపులు చూస్తూ, "దాన్ని తీసేసి తాళాల కొట్టు నడిపే మా మేనమామ పేరు రాసింది నేను, మీరది కనిపెట్టి, నలుగురిలో నా పరువు తీయకుండా సరిచేశారనుకుని ఈ ఆరు నెలలూ మీ ముఖం చూడలేకపోయాను."