యాభై నిమిషాలు

"ఈ గడి ఖాళీగా వదిలేశారేంటండీ?" రిసెప్షన్‌లోని అమ్మాయి ఫారాన్ని మళ్ళీ ఇటు తోసింది.

"ఏ గడి?"

"సమస్య ఏమిటి అన్న గడి."

"అది చెప్పుకోవడానికేగా నాలుగు వారాలు కాచుక్కూర్చుంది! అంతా ఇక్కడే రాసేస్తే ఇక లోపలికెందుకు?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఆపరేటరమ్మకు నవ్వు రాలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయినా వీధిలో ఆమెకు ఆ పేరే మిగిలింది. అన్నేళ్ళూ ఊరందరి మాటలూ కలిపింది. ఇప్పుడు తన మాట కలిపేవాళ్ళే లేరు.

"తోడుగా ఎవరినైనా తెచ్చుకోవాల్సిందండీ. పిల్లలు లేరా?"

"ఉంది, ఒక్కతే కూతురు. దానికి తీరదు."

"పోన్లెండి. మా మేడమ్ ఎంత బాగా వింటారో! ఫోన్ కూడా ఆపేస్తారు. యాభై నిమిషాలూ మీవే."

"విన్నాను. అందుకే వచ్చాను." ఆపరేటరమ్మ పెన్ను మూత టక్కున బిగించింది.

ఇలాంటి చోటికి రావడం ఆమెకు ఇదే మొదలు. ఎదురుగా భార్యాభర్తలు మధ్యలో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని చెరోవైపు చూస్తున్నారు. ఒకాయన పాత పత్రికను తిరగేసి పట్టుకుని చదువుతున్నాడు. అచ్చం పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టే ఉంది. ఎవరి నొప్పి వాళ్ళు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు.

పేరు పిలిచారు. ఆమె లోపలికి వెళ్ళగానే కౌన్సెలర్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయింది. చేతిలోని ఫారం చూసింది. గోడ గడియారం చూసింది.

"ఇదేంటి... ఇక్కడికి..."

"అపాయింట్‌మెంట్ ఉంది. టైముకే వచ్చాను," అంది ఆపరేటరమ్మ కూర్చుంటూ. "మొదటిసారి వచ్చినవాళ్ళకు ఏం చెప్తారో అదంతా చెప్పండి. ఒక్క ముక్క తగ్గించొద్దు."

కౌన్సెలర్ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "ఇక్కడ చెప్పింది ఈ గది దాటి పోదు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే తప్ప. నేను తీర్పులు చెప్పను. ఇలా చేయండి, అలా చేయండి అని సలహాలూ ఇవ్వను. ఒక్క పూటలో తేలిపోతుందని అనుకోవద్దు. నాతో కుదరదనిపిస్తే ఇంకొకరి దగ్గరికి మారొచ్చు. నేనేమీ అనుకోను."

"మధ్యలో లేచి వెళ్ళిపోతారా?"

"లేదు."

"'తర్వాత మాట్లాడదాం' అంటారా?"

కౌన్సెలర్ తల దించుకుంది. "అనను."

"అయితే వినండి. నా కూతురు మంచిదే. అడక్కుండానే మందులు పంపుతుంది. వాషింగ్ మెషీన్ మొరాయిస్తే సాయంత్రానికల్లా కొత్తది దింపించింది. కానీ ఫోనెత్తగానే 'చెప్పు చెప్పు, త్వరగా' అంటుంది. త్వరగా అయిపోయే ముక్కయితే నేనే మెసేజ్ పెట్టేదాన్ని కదండీ! ట్రంకు కాల్ రోజులే నయం, మూడు నిమిషాలైనా దక్కేవి."

"మాట్లాడాలని గట్టిగా అడగలేదా?"

"ఎందుకడగలేదూ! 'ఆదివారం తీరిగ్గా కూర్చుందాం' అంది. ఎన్ని ఆదివారాలు పోయాయో! పైగా కనిపించిన ప్రతివాళ్ళూ 'మీ అమ్మాయికి ఎంత ఓపికండీ' అంటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది."

"ఏం చెప్పాలనుకున్నారు... ఆ అమ్మాయికి?"

ఆపరేటరమ్మ చీర కొంగును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"పొద్దున్నే లేచి పక్క సర్దుతాను. మళ్ళీ దాని మీదే కూర్చుంటాను. తల తిప్పి చూస్తే సాయంత్రం. మూడు నెలల్నుంచి పొయ్యి వెలిగించలేదు. తిన్నావా అంటుంది, తిన్నానంటాను. ఏం తిన్నావని అడగదు. నీళ్ళల్లో ముంచుకుని రెండు బిస్కెట్లు. ఏడుపైనా రాదు. ఇది జబ్బో, వయసో, నా ఒళ్ళు బద్ధకమో నాకు తెలియట్లేదు."

కౌన్సెలర్ పెన్ను ఆగిపోయింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"బతకాలని లేదు అనిపిస్తోందా ఎప్పుడైనా?"

"అలా అయితే పొద్దున్నే చీర ఇస్త్రీ చేసుకుని మరీ వస్తానా?"

"బద్ధకం కాదు. జబ్బే. తగ్గే జబ్బు. మీ తప్పేమీ లేదు."

నిద్ర గురించి అడిగింది. ఆకలి గురించి అడిగింది. ఆఖర్న, "బిస్కెట్లు కాక ఇంకేమైనా తిన్నారా ఈ వారం?" అని అడిగింది. ఒక్కసారి కూడా ఫోన్ ముట్టుకోలేదు. యాభై నిమిషాలు ఎలా గడిచాయో ఇద్దరికీ తెలియలేదు.

చివరికి కౌన్సెలర్ చీటీ మీద ఒక పేరు, నంబరు రాసి అందించింది. "ఈవిడ నాకంటే సీనియర్. రేపే చూసేలా నేను మాట్లాడతాను."

ఆపరేటరమ్మ ముఖం జేవురించింది. "అంటే మీరూ తోసేస్తున్నారన్నమాట! మారడం నా ఇష్టమన్నారు గానీ మీ ఇష్టమనలేదే! నాకు మీరే కావాలి."

"మీ కేసు నేను తీసుకోవడానికి వీల్లేదు."

"ఏం? ఊళ్ళో అందరిదీ తీసుకుంటారు, నాదే చేదయిందా?"

కౌన్సెలర్ ఇంటర్‌కమ్ ఎత్తి, తర్వాత వాళ్ళందరినీ పక్క గది డాక్టరుగారి దగ్గరికి పంపమంది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆపరేటరమ్మ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"కన్నతల్లి కేసు మేం తీసుకోకూడదమ్మా."