ఇంట్లోవాళ్ళు

"వెనక సీటు ఎలా ఉందో మమ్మల్నెందుకు అడగడం? వదినగారిని అడగండి," అన్నాడు పళ్ళ డాక్టరు.

టీ గ్లాసుల పళ్ళెంతో మెట్లు దిగుతున్న ఆమె ఆ మాటకి ఆగిపోయింది.

ఇంటి ముందు భర్త కొన్న కొత్త బండి నిలబడి ఉంది. కొండలూ గుట్టలూ ఎక్కే రకమట. గున్న ఏనుగంత ఉంది. చుట్టూ అతని ఆదివారపు స్నేహితులు ముగ్గురు చేరి, పిల్లని చూడవచ్చినవాళ్ళలా తలా ఒక వంక పెడుతున్నారు.

"ఎత్తెక్కువ. నా కాళ్ళు నేలకి అందవు. సిగ్నల్ పడితే బొటనవేళ్ళ మీద నాట్యం చెయ్యాల్సిందే," అన్నాడు లెక్కల మాస్టారు.

"అది బండి తప్పు కాదు మాస్టారూ, మిమ్మల్ని కన్నవాళ్ళ తప్పు," అన్నాడు ఫోటోగ్రాఫరు. "నా బాధల్లా వేడి. బజార్లో నాలుగు సందులు తిరిగేసరికి తొడలు వేగిపోయాయి. గుంతల్లో మాత్రం ఉయ్యాలేనండీ బాబూ!"

"ఉయ్యాలే, కాదన్నానా? పక్కకి ఒరిగితే లేపడానికి ఊరంతా రావాలి," అన్నాడు మాస్టారు.

ఇంకో రోజైతే ఆమె కూడా నవ్వేదే. ఇప్పుడు నవ్వు రాలేదు.

"వెనక సీటు సంగతి నాకేం తెలుసు అన్నయ్యగారూ?" అంది డాక్టరుతో.

"భలేవారే! మొన్న గురువారం కొండ మీదికి వెళ్ళారుగా. మీ వెనకాలే వచ్చాను. మలుపు మలుపుకీ కెవ్వున కేక! నా హెల్మెట్‌లోకి కూడా వినబడింది. పైకెళ్ళాక నేను పలకరిస్తే చెయ్యి ఊపారు కానీ హెల్మెట్ తియ్యలేదు. ఎవరయ్యా అంటే, 'మా ఇంట్లోవాళ్ళు' అన్నాడుగా మనవాడు!"

ఇంట్లోవాళ్ళు. పెళ్ళాం పేరు నలుగురిలో పలకడానికి నోరు రాని మగవాడు పెళ్ళాన్ని పిలుచుకునే మాట అది. ఆ గురువారం పొద్దుట్నుంచి దీపాలు పెట్టేదాకా ఆమె పాత బస్టాండు దగ్గరి ఆసుపత్రిలో నర్సులకి యూనిఫారాల కొలతలు తీస్తూ ఉంది.

ఆమె భర్త వైపు చూసింది. అతను బండి అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు.

ఆమె పళ్ళేన్ని తీసుకెళ్ళి ఆ వెనక సీటు మీద పెట్టింది. "తాగండి, చల్లారిపోతాయి," అని లోపలికి వెళ్ళిపోయింది.

అతను కుట్టుమిషను గదిలోకి వెనకే వచ్చాడు.

"ఎవరది?"

"మెల్లిగా. బయట వాళ్ళున్నారు."

"ఎవరది అంటున్నా."

"చెప్పలేను. చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికిచ్చారు?"

"ఆవిడకే."

ఆమెకి గుండెలో సూది విరిగినట్టయింది. "ఆవిడకిచ్చిన మాట నిలబడాలి. నాకిచ్చిన మాటలు గాలికి పోవాలి. అంతేనా?"

"నువ్వనుకుంటున్నట్టు కాదే..."

"అయితే ఇంకెట్లాగో చెప్పండి."

అతను గోడ వైపు ఒకసారి చూశాడు. తల గోక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

మిషను మీద అత్తగారి కోసం కుడుతున్న ప్యాంటు సగంలో ఉంది. మోకాళ్ళ నొప్పులకి వ్యాయామం చెయ్యమన్నారని, కాళ్ళు బాగా చాచడానికి వీలుగా ఉండాలని, మొదటిది చాలక రెండోది కుట్టమందావిడ. ఆమె దాన్ని పక్కకి తోసి, అత్తగారి గదిలోకి వెళ్ళింది. మనసు విప్పుకోవడానికి ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? ఈ బండి గుమ్మంలోకి వచ్చిన రోజున, "ఇంట్లో ఇద్దరు ఆడాళ్ళముండగా మాటమాత్రం చెప్పకుండా తెస్తాడా? దాని మీద మనం కాలు కూడా పెట్టొద్దు. వాడే దారికొస్తాడు," అని కోడలి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టించింది అత్తగారే.

అత్తగారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"విన్నారా అత్తయ్యా, మీ అబ్బాయి నిర్వాకం?"

"విన్నాలే. పోనిద్దూ. కాపురమన్నాక చూసీ చూడనట్టు పోవాలి."

కూరలో ఉప్పు తగ్గితే మూడు పూటలు సాధించే మనిషి! కోడలు తెల్లబోయింది.

"చూసీ చూడనట్టా? ఎవత్తో నా మొగుడి వెనక ఎక్కి ఊరేగితేనా?"

"ఎవత్తో ఏమిటే ఆ మాటలు? ఎవరో మర్యాదస్తురాలే అయ్యుంటుంది."

"మర్యాదస్తురాలు మొహం చాటేసుకుంటుందా? హెల్మెట్ తియ్యలేదంట! నా వల్ల కాదత్తయ్యా, నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నా. ఈ ఇంట్లో మాట మీద నిలబడ్డది మీరొక్కరే. మిమ్మల్ని వదిలి వెళ్ళాలంటేనే ప్రాణం ఉసూరుమంటోంది."

ఆమె చెంగుతో కళ్ళొత్తుకుంది. అత్తగారు దుప్పటి తల మీదికి లాక్కుంది.

"నా మొగుడు కూడబెట్టుకున్న పరువంతా ఆ కొండ మీద పోయింది. మలుపు మలుపుకీ కెవ్వుకెవ్వున అరిచిందట, సిగ్గులేనిది!"

అత్తగారు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి దిగ్గున లేచి కూర్చుంది.

"అరిచింది నేను కాదే అమ్మాయ్, వాడే!"