ఎదిగే పిల్లకి బండి

వ్యాయామం చేయించే మేడమ్ ఇంకా రాలేదేమని లోపల అడిగి దుర్గాదేవి బయటికొచ్చేసరికి, ఎవడో ముసలాడు తన కూతుర్ని తాడుతో కొలుస్తున్నాడు.

పలాసలో ఆసుపత్రి వరండా అది. బల్ల మీద ఇందు పడుకుని ఉంది. పన్నెండేళ్లు. పుట్టినప్పుడే మెదడు దెబ్బతింది. నడవలేదు, నిటారుగా కూర్చోలేదు. ప్రతి గురువారం వ్యాయామం చేయించడానికి తల్లి చంకనేసుకుని తెస్తుంది.

ముసలాడి మొహం ఉబ్బి ఉంది. ముంజేతికి దూది పట్టీ. పురికొసని ఇందు నడుముకి ఆనించి ఒక ముడి వేశాడు. వీపు పొడవునా చాచి ఇంకో ముడి వేశాడు.

ఇందు నవ్వుతోంది.

దుర్గాదేవికి తెలిసినంతవరకు, పడుకున్న మనిషిని తాడుతో కొలిచేది ఒక్కందుకే. పాడె కట్టడానికి.

"ఓలమ్మా! బతికున్న గుంటకి కొలతలేటి? ఎవులివిరా నువ్వు?"

"కోప్పడకమ్మా. మోకాలి కాడినుంచి మడమ దాకా కొలతొక్కటే ఉండిపోనాది. నాను..."

"నీ పిల్లల్ని కొలుసుకో! నీ ఇంట్లో కొలుసుకో!"

తాడు లాగి తెంపేసింది. సగం ముక్క అతని చేతిలోనే ఉండిపోయింది.

ఇలాంటప్పుడు జనానికి వేరే పనులుండవు. ఒకావిడ దిష్టి తియ్యమంది. ఒకాయన చేతబడి అన్నాడు. వాచ్‌మన్ వచ్చి ముసలాణ్ని రెక్క పట్టుకుని గేటు దాకా గెంటుకెళ్లాడు. అతను చేతిలోని తాడు ముక్క మాత్రం వదల్లేదు.

మేడమ్ సెలవు పెట్టిందని ఆ రోజే తెలిసింది. దాంతో వ్యాయామం ఆగిపోయింది.

జీడిపిక్కలు అమ్మిన వారంలోనే దుర్గాదేవి ఇందుకి బండి కొనడానికి కాశీబుగ్గ వెళ్లింది. పిల్ల బరువెక్కిపోయింది. ఇంకొన్నాళ్లకు తను ఎత్తలేదు. ఎత్తలేని రోజు నుంచి ఇందుకి నాలుగు గోడలే లోకం.

కొట్టులో రెండే రకాలున్నాయి.

ఒకటి పసిపిల్లల తోపుడు బండి. కూర్చోబెడితే ఇందు కాళ్లు నేలకి ఈడ్చుకున్నాయి.

రెండోది పెద్దవాళ్ల చక్రాల కుర్చీ. అందులో ఇద్దరు ఇందులు పడతారు.

"పెద్దదే తీసుకోండమ్మా. ఎదిగే పిల్ల కదా," అన్నాడు కొట్టతను.

ఆ మాట ఏ తల్లికి నచ్చదు? గౌన్లూ అలాగే కొంటాం, చెప్పులూ అలాగే కొంటాం. దుర్గాదేవి పెద్దదే తీసుకుని రెండు పక్కలా దిండ్లు కుక్కింది.

ఆ సాయంత్రం కొబ్బరితోటల మధ్య రోడ్డు మీద తోసుకెళ్తే, సముద్రపు గాలికి ఇందు నోరంతా తెరిచి నవ్వింది. తల్లికి కళ్లమ్మట నీళ్లు ఆగలేదు. సంతోషమే.

రోజులు గడిచేకొద్దీ దిండ్లు జారిపోయేవి. ఇందు ఎడమ పక్కకి ఒరిగిపోయేది. పొద్దల్లా అలాగే ఒరిగి కూర్చునేది.

ఆరు నెలల తర్వాత సౌజన్య మేడమ్ కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చింది. వ్యాయామం చేయించబోతూ ఇందు వీపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వెంటనే ఎక్స్‌రే తీయించింది.

"వెన్ను వంగిపోయిందమ్మా. ఇంక తిన్నగా రాదు. ఊపిరితిత్తిని కూడా నొక్కేస్తోంది. ఇంత పెద్ద కుర్చీ ఎవరు కొనమన్నారు?"

"ఎదిగే పిల్ల కదా మేడమ్..."

"ఈ పిల్లలకి బండి ఒంటికి సరిగ్గా సరిపోవాలమ్మా. సంతబొమ్మాళి దగ్గర కూర్మయ్యగారని ఒకాయన కొలతలు తీసుకుని చేస్తారు. గురువారాలు డయాలసిస్‌కి ఇక్కడికే వస్తారు. సెలవు పెట్టేముందు ఇందు గురించి ఆయనకి చెప్పాను. నీకు చెప్పడమే మర్చిపోయాను. ఆయన కలవలేదా?"

దుర్గాదేవికి తను తెంపిన తాడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇందుని ఆటోలో వేసుకుని బయలుదేరింది. ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. గోడకి కూర్మయ్య ఫోటో ఉంది, దండ వేసి ఉంది. ఆయన భార్య జోగమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఇరవై రోజులయిందమ్మా. కిడ్నీలు. మన ఉద్దానంలో ఇంటింటా ఉన్నదే, కొత్తేటి?"

చూరుకి వరసగా పురికొసలు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పిల్ల పేరు రాసిన అట్టముక్క కట్టి ఉంది. ఒక్కటి మాత్రం పొట్టిగా, కొస తెగి ఉంది. దానికి పేరు లేదు.

జోగమ్మ ఆటోలో ఒరిగి ఉన్న ఇందుని చూసింది.

"పలాస ఆసుపత్రిలో తాడు తెంపీసిన తల్లివి నువ్వేనా?"

దుర్గాదేవి ఆవిడ చేతులు పట్టుకుంది.

"తిట్టీసినానమ్మా. గెంటించీసినాను. ఇప్పుడు నా గుంటకి బండి ఎవులు సేత్తారు?"

"ఇంకెవులు సేత్తారు? సేసే సెయ్యే పోనాది."

జోగమ్మ ఏదీ దాచలేదు. ఓదార్చడానికి అబద్ధం ఆడలేదు.

"నన్ను తిట్టుకున్నాడా?"

"నేదమ్మా. ఆ తల్లి తొందరపడి ఏదో ఒక బండి కొనీగలదని బెంగెట్టుకున్నాడు. గురువారం గురువారం ఆ వరండాలో నీకోసం సూసీవోడు. నువ్వు మళ్లీ రానేదు."

"అంతమందిలో గెంటించినా కోపం రానేదా?"

"కోపం ఎలాగొత్తాది?" జోగమ్మ ఫోటో వైపు చూసింది. "మా కొడుకు గోవిందుకీ నడుం ఇలాగే ఒంగిపోయి, పదమూడో ఏట పోనాడు. ఆడికి బండి సేసిత్తానని కొలతలకొచ్చిన మనిషిని కర్రట్టుకుని ఊరి బయటిదాకా తరిమినోడు ఆయనేనమ్మా."