ఒక నోటి పాట

"పాట ఇస్తావా, ఇవ్వవా? ఒక్క మాటలో తేల్చు పెద్దమ్మా. బస్సు వచ్చేస్తుంది."

చెల్లెలి కొడుకు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దమ్మ ఒళ్ళోంచి తంబుర దించలేదు.

"ఇన్నేళ్ళూ నా వెనక వంత పాడావు కదరా. ఆ మాత్రంతో పోయి బతకరాదా?"

"వంత పాడేవాడికి పట్నంలో పనెవడిస్తాడు? పడవవాడి కథ మొత్తం వచ్చా అని అడిగారు. చివరి ఘట్టం మా పెద్దమ్మ దాచుకుందని చెప్పనా? పగలబడి నవ్వుతారు."

దాచుకున్న మాట నిజమే. ఆ ఇంట్లో పడవవాడి కథ ఎప్పుడూ ఒక్క నోట్లోనే ఉండాలి. చివరి ఘట్టం చెవిలో చెప్పారంటే పాట ఇచ్చేసినట్టే. ఇచ్చినవాళ్ళు మళ్ళీ పాడకూడదు, వెనక్కి అడగకూడదు. ఆమె తల్లి అలా ఇచ్చేశాక, వీడిని ఉయ్యాల ఊపుతూ కూడా కూనిరాగం తీయలేదు.

"ఇచ్చేసి నేనేం తినాలిరా? మంచికీ చెడుకీ నలుగురూ నన్ను పిలుస్తున్నారు కాబట్టే పొయ్యి వెలుగుతోంది."

"నెలనెలా డబ్బు నేను పంపనా? కడుపున పుడితేనే పంపుతారా?"

పిల్లలు లేని మనిషి. ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది.

"ఇటు రా," అంది.

వాడి చెవి దగ్గర నోరు పెట్టి పాడింది. వాడు తిరిగి పాడాడు.

"అక్కడ ఊపిరి తీయకు. నీళ్ళలో మునిగేవాడికి లేని ఊపిరి నీకెక్కడిదిరా, వెధవా!"

రెండోసారి ఎక్కడా తప్పలేదు. ఆమె కంటే బాగా పాడాడు. పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, తంబుర వాడి భుజానికి తగిలించింది.

బస్సు దాకా వెంట నడిచింది. దారిలో పాలాయన ఎదురయ్యాడు.

"అక్కా, ఎల్లుండి మా అమ్మాయి పెళ్ళి. పొద్దున్నే వచ్చెయ్యాలి నువ్వు."

"పాట నా దగ్గర లేదు తమ్ముడూ. వీడికి ఇచ్చేశాను. ఇక పాడను," అంది, నలుగురికీ వినపడేలా. ఎందుకో గర్వంగానే ఉంది ఆమెకు.

బస్సు వచ్చింది. వాడు ఎక్కి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు.

"మొట్టమొదట ఎక్కడ పాడతావురా?" ఆశగా అడిగింది.

వాడు తంబుర భుజం మీంచి తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. బస్సు కదిలింది.

"పాడటమేంటి పెద్దమ్మా? నేను పోయేది టైల్స్ ఫ్యాక్టరీకి. ఇక్కడ మా ఆవిడ సౌండ్ బాక్సులు అద్దెకివ్వబోతోంది, నువ్వు పాడుతూ కూర్చుంటే వాటినెవరు పిలుస్తారు?"